మూడు చక్రాల బండికి కారు పాలసీ: ఒక కేసు, మొదటి నుంచి చివరి దాకా

ఆమె నా దగ్గరికి వచ్చింది పాలసీ తీసుకోవడానికి కాదు, అప్పటికే తీసుకున్న పాలసీ సరిగ్గా ఉందో లేదో చూపించుకోవడానికి. ఫిజియోథెరపిస్టు. పేషెంట్ల ఇళ్లకు వెళ్లి చికిత్స చేస్తారు. రోజంతా తిరుగుడే కాబట్టి చిన్న బండి, వాన పడినా తడవని బండి కావాలనుకున్నారు. కొత్తగా వచ్చిన మూడు చక్రాల ఎలక్ట్రిక్ వాహనం బుక్ చేశారు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఒకరి వెనక ఒకరు కూర్చునేలా రెండు సీట్లు, రెండు వైపులా తలుపులు, గుండ్రటి స్టీరింగు, సీటు బెల్టులు, అద్దం మీద వైపర్. డెలివరీకి ఇంకా నాలుగు రోజులు ఉంది.

"ఐదు నిమిషాల్లో పాలసీ వచ్చేసిందండీ. అంత తొందరగా వచ్చేసరికి నాకే అనుమానం వేసింది" అన్నారు.

నేను బీమా సలహాదారుగా ఎన్నో ఏళ్లుగా మోటారు పాలసీలు చూస్తున్నాను. ఏ పాలసీ అయినా చేతికి రాగానే ముందు ప్రీమియం వంక చూడను. వాహన రకం అని ఉన్న గడి చూస్తాను. అక్కడ 'ప్రైవేట్ కారు' అని ఉంది. మోడల్ గడిలో ఆమె కొనని ఒక చిన్న నాలుగు చక్రాల ఎలక్ట్రిక్ కారు పేరు ఉంది.

ఆన్‌లైన్ ఫారంలో ఆమె బండి పేరే లేదట. ఉన్నవి మూడే రకాలు: ద్విచక్ర వాహనం, కారు, కిరాయికి తిప్పే ఆటో. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, "దగ్గరగా ఉన్నది ఏదో ఒకటి సెలెక్ట్ చేయండి మేడమ్, తర్వాత మార్చుకోవచ్చు" అన్నారట. ఆమె అలాగే చేశారు. ఆమె తప్పేమీ లేదు, అడిగి మరీ చేశారు. కానీ ఆ మాట ఫోన్‌లో చెప్పిన మాట. పాలసీ కాగితం మీద మాత్రం ప్రపోజల్ ఫారంలోని వివరాలన్నీ నిజమని ఆమె చేసిన ప్రకటన అచ్చయి ఉంది.

"కారు కాదంటారేంటండీ? తలుపులున్నాయి, టాపుంది, బెల్టుంది" అన్నారు.

చాలామందికి చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. బీమా కంపెనీ బండి ఆకారాన్ని చూడదు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఆ బండిని ఏ తరగతిలో రాశారో దాన్ని చూస్తుంది. డీలరు ఇచ్చిన రిజిస్ట్రేషన్ దరఖాస్తు నకలు తీయించి చూస్తే, అందులో తరగతి మూడు చక్రాల మోటార్‌సైకిల్ కోవలోకి వచ్చేదిగా ఉంది. పాలసీ కారుకు, బండి మోటార్‌సైకిల్ కోవకు. రేపు ప్రమాదం జరిగితే ఎదుటివారికి తగిలిన దెబ్బల విషయంలో చాలా దేశాల చట్టాలు బాధితుడిని కాపాడతాయి. కంపెనీ ముందు చెల్లించి, ఆ తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకునే వీలు ఉంటుంది. ఆ వసూలు ఒక కుటుంబాన్ని అప్పుల్లోకి నెట్టేస్తుంది. ఇక సొంత బండికి జరిగిన డ్యామేజీ అంటారా, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చి చక్రాలు లెక్కపెట్టిన క్షణంలో ఆ క్లెయిమ్ ఆగిపోతుంది.

బీమా ఒప్పందం పరమ విశ్వాసం మీద నిలబడుతుందని 1766లో ఇంగ్లండ్‌లో కార్టర్ వర్సెస్ బోమ్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఈ వృత్తికి పునాది. తెలిసిన ముఖ్య విషయం దాచకూడదు, తప్పుగా చెప్పకూడదు. దేశాన్ని బట్టి కాలక్రమంలో దాని కాఠిన్యం తగ్గింది కానీ, నాలుగు చక్రాలని రాసి మూడు చక్రాల బండి నడపడాన్ని చిన్న పొరపాటుగా తీసుకునే అండర్‌రైటర్, అంటే బీమా ఇవ్వాలో వద్దో తేల్చే కంపెనీ అధికారి, నాకు ఇంతవరకు తగల్లేదు.

ఒకే బండి, దేశానికో పేరు

ఈ తరగతుల గందరగోళం ఆమె ఒక్కరిది కాదు. అమెరికా సమాఖ్య నిబంధనల ప్రకారం, నడిపేవారికి సీటు ఉండి, నేలకు ఆనే చక్రాలు మూడుకు మించని మోటారు వాహనం మోటార్‌సైకిలే. తలుపులున్నా, ఏసీ ఉన్నా అంతే. లైసెన్సు, హెల్మెట్ విషయాల్లో సర్దుబాటు కోసం అక్కడి చాలా రాష్ట్రాలు 'ఆటోసైకిల్' అని విడిగా ఒక తరగతి పెట్టుకున్నాయి. యూరోపియన్ యూనియన్ 2013 నాటి 168వ నంబరు నిబంధనలో మూడు చక్రాల మోటారు బండిని ఎల్5ఇ అంటుంది. భారతదేశంలో ప్రయాణికుల మూడు చక్రాల బండి ఎల్5ఎం, సరుకు బండి ఎల్5ఎన్.

లైసెన్సుదీ ఇదే తీరు. యూరప్‌లో 15 కిలోవాట్లు దాటిన మూడు చక్రాల మోటారు బండికి ప్రధాన నియమం ప్రకారం 'ఏ' వర్గం, అంటే మోటార్‌సైకిల్ లైసెన్సు ఉండాలి. కారు లైసెన్సుతో తమ దేశం లోపల నడపనిచ్చే వెసులుబాటు సభ్యదేశాలకు ఉంది. అంటే ఇంటి దగ్గర చెల్లిన లైసెన్సు సరిహద్దు దాటితే చెల్లకపోవచ్చు. లైసెన్సు చెల్లకపోతే బీమా కూడా చిక్కులో పడుతుంది.

నిజానికి మూత ఉన్న మూడు చక్రాల బండి కొత్తదేం కాదు. మెసర్‌ష్మిట్ కేఆర్200 1955 నుంచి 1964 దాకా తయారైంది, విమానం కాక్‌పిట్ లాంటి గాజు టాపుతో. బ్రిటన్‌లో బీఎండబ్ల్యూ ఇసెట్టా అనే చిన్న కారును వెనక ఒకే చక్రంతో కూడా అమ్మారు. పన్ను తక్కువ, మోటార్‌సైకిల్ లైసెన్సు చాలు అన్నవే కారణం. అప్పుడూ ఇప్పుడూ ఈ బండ్లు పుట్టేది రెండు తరగతుల మధ్య ఉన్న సందులోనే. కొనేటప్పుడు ఆ సందు లాభం, బీమా దగ్గరికి వచ్చేసరికి అదే తలనొప్పి.

డెలివరీ వాయిదా

నేను మొదట చెప్పింది ఒక్కటే: డెలివరీ వాయిదా వేయండి. బండి చేతికి రాకముందు పాలసీ రద్దు చేస్తే మొదటి రోజు నుంచే రద్దు అవుతుంది, డబ్బు వెనక్కి వస్తుంది, రిస్కు మొదలు కాలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం ఉండదు. బండి రోడ్డెక్కాక రద్దు చేస్తే మధ్యలో బీమా లేని రోజులు మిగులుతాయి. డీలరుకు ఇది నచ్చలేదు. "మేమే అరగంటలో పాలసీ చేయిస్తాం, అందరికీ అలాగే చేస్తున్నాం" అన్నాడు. వాళ్లు చేయించే పాలసీ నమూనా అడిగాను. అందులోనూ వాహన రకం కారే. అంటే అప్పటికే ఆ బండి కొన్న ఇంకొందరు ఇలాంటి కాగితంతోనే తిరుగుతున్నారు. ఆ రోజు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. వాళ్లెవరో నాకు తెలియదు. కనీసం వాళ్లకు ఫోన్ చేసి కాగితాలు చూసుకోమని చెప్పమని డీలరును బతిమాలాను. చెప్పాడని తర్వాత తెలిసింది.

మరుసటి రోజు షోరూంకు ఇద్దరం వెళ్లాం. ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డు అంచున రేకు మీద చెక్కిన పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. టార్చి వేసి ఒక్కో అక్షరం నేను చదువుతుంటే ఆమె ఇన్‌వాయిస్‌తో సరిపోల్చారు. పదకొండో స్థానం దగ్గర ఆగిపోయారు. రేకు మీద సున్నా, ఇన్‌వాయిస్‌లో ఇంగ్లిష్ అక్షరం ఓ. ఈ సంఖ్యల్లో ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. కాబట్టి ఎక్కడైనా ఓ కనిపిస్తే అది టైపింగ్ తప్పే. ఆ ఇన్‌వాయిస్ చూసే ఆన్‌లైన్ పాలసీ తీసుకున్నారు కాబట్టి తప్పు పాలసీలోకీ ఎక్కింది.

ఇంకొకటి కూడా అక్కడే తేలింది. మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి. ఆ మూడింట్లో చివరిది 9. చాలా కొద్ది సంఖ్యలో బండ్లు చేసే తయారీదారులకు ఇచ్చే గుర్తు అది. ఆ తయారీదారు ఎవరో పూర్తిగా తెలియాలంటే పన్నెండు, పదమూడు, పద్నాలుగు స్థానాలు కూడా చదవాలి. మొదటి మూడింటితోనే పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌కు ఈ బండి దొరకదు. దొరకనప్పుడు బండి వివరాలు చేత్తో నింపమంటుంది. 'దగ్గరగా ఉన్నది సెలెక్ట్ చేయండి' అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

మూడు కంపెనీలు

మొదటి కంపెనీ ఒక్క మాటలో కాదంది. వాళ్ల సిస్టంలో ఆ తరగతికి ప్రైవేటు వాడకం అనే గడి లేదు.

రెండోది మోటార్‌సైకిల్ పాలసీ ఇస్తామంది. ప్రీమియం చూసి ఆమె సంతోషించారు. నేను వర్డింగ్, అంటే పాలసీ షరతుల పాఠం, మొత్తం చదివాను. మోటార్‌సైకిల్ కోసం రాసిన పాలసీ అది. ముందు అద్దం, తలుపులు, టాపు 'అదనపు అమరికల' కింద పడతాయి, వాటికి చిన్న పరిమితి. నడిపేవారు హెల్మెట్ పెట్టుకుని ఉండాలన్నది ఒక షరతు. బెల్టు పెట్టుకుని మూసిన క్యాబిన్‌లో కూర్చున్నవారికి ఆ షరతు ఎలా వర్తిస్తుందని రాతపూర్వకంగా అడిగితే, "క్లెయిమ్ వచ్చినప్పుడు చూస్తాం" అని జవాబు. క్లెయిమ్ వచ్చినప్పుడు చూసే షరతును నేను ఎవరి చేతా కొనిపించను.

మూడోది పాతకాలపు కార్లు, చేత్తో అసెంబుల్ చేసిన బండ్లు లాంటి అరుదైన వాహనాలకు బీమా చేసే విభాగం. అక్కడ ఫారం నింపడం కాదు, మనిషితో మాట్లాడాలి. ఆ అండర్‌రైటర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఒంటి చక్రం ముందా, వెనకా?"

ఆ ప్రశ్న వినగానే నాకు సగం భారం తగ్గింది. అడగాల్సిన ప్రశ్న అదే. మలుపులో బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు, మలుపు బయటి వైపుకు ఒరుగుతుంది. ముందు ఒకే చక్రం ఉంటే ఆ మూల కింద ఆసరా ఉండదు, బండి ఆ పక్కకే పల్టీ కొట్టే ప్రమాదం. ముందు రెండు చక్రాలుంటే బయటి చక్రం ఆ బరువును మోస్తుంది. బ్యాటరీ సీట్ల కింద, నేలకు దగ్గరగా ఉంటే ఇంకా నయం. రెండు చక్రాలు ముందున్నంత మాత్రాన పల్టీ కొట్టదని కాదు. మలుపులో ఒక్కసారిగా వేగం పెంచితే బరువు వెనక్కి, ఒంటి చక్రం వైపు పోతుంది. కానీ మనుషులు భయపడ్డప్పుడు కాలు పడేది బ్రేకు మీదే. తయారీదారు ఇచ్చిన కొలతలు, బ్యాటరీ ఎక్కడుందో చూపే బొమ్మ, నేను తీసిన ఫొటోలు కలిపి రెండు పేజీల ఉత్తరం పంపాను.

ఆ అండర్‌రైటర్‌కున్న రెండో బెంగ, ఢీకొన్నప్పుడు లోపలి మనిషి సంగతి. దానికి నా దగ్గర ఊరడించే జవాబు లేదు, చెప్పలేదు కూడా. కార్లకు తప్పనిసరి అయిన ఢీ పరీక్షలు చాలా చోట్ల ఈ తరగతికి వర్తించవు. ఎల్5 లాంటి తరగతులున్న ఇదే ఎల్ కుటుంబంలో నాలుగు చక్రాల చిన్న బండ్లను, కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2014లో, 2016లో పరీక్షించింది. ఏ ఒక్కటీ రెండు స్టార్లు దాటలేదు. తలుపు ఉన్నంత మాత్రాన కారంత రక్షణ ఉన్నట్టు కాదు. ఈ మాట ఆమెకూ అంతే సూటిగా చెప్పాను. నడిపేవారికి, వెనక కూర్చునేవారికి వ్యక్తిగత ప్రమాద బీమా పరిమితి పెంచమని గట్టిగా పట్టుబట్టాను. ప్రీమియం ఎక్కువైంది. ఆమె ఒక రాత్రి ఆలోచించుకుని సరే అన్నారు.

వాడకం గురించి దాచకుండా రాయించాను. పేషెంట్ల ఇళ్లకు తిరగడం అంటే ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లి రావడం కాదు, వృత్తి పని మీద తిరగడం. మొదటి ఫారంలో ఆమె 'సొంత వాడకం' టిక్ చేశారు. తన సొంత బండి కదా అని. అందరూ అలాగే అనుకుంటారు. పాత కారు మీద ఉన్న నో క్లెయిమ్ బోనస్ మాత్రం తరగతి మారడంతో రాలేదు. ఇన్నేళ్లుగా ప్రమాదం లేకుండా నడిపారని పాత కంపెనీ ఇచ్చిన ఉత్తరం పెడితే కొంత తగ్గింపు ఇచ్చారు.

విలువ, రిపేరు, బండిని మోసుకెళ్లే బండి

బండి విలువ దగ్గర చాలాసేపు వాదన జరిగింది. మామూలు పాలసీలో టోటల్ లాస్ అయితే, అంటే బండి ఇక బాగుచేయలేనంతగా పాడైతే, మార్కెట్ విలువ ఇస్తారు. కొత్త మోడల్‌కు సెకండ్ హ్యాండ్ మార్కెట్టే లేదు, ఇక మార్కెట్ విలువ ఎవరు చెబుతారు? పైగా ఇలాంటి బండ్ల తయారీదారులు నిలబడతారన్న భరోసా తక్కువ. ఎలక్ట్రా మెకానికా సంస్థ సోలో అనే ఒంటి సీటు మూడు చక్రాల మూత బండిని 2021లో కస్టమర్ల చేతికి ఇవ్వడం మొదలుపెట్టింది. నడుస్తుండగా మోటారు శక్తి పోతోందన్న సమస్యతో 2023లో 429 బండ్లను రీకాల్ చేసి, డబ్బు వెనక్కిచ్చి తీసేసుకుంది. అక్కడ కొన్నవారికి డబ్బు వచ్చింది. తయారీదారు చేతులెత్తేస్తే అదీ రాదు, పార్టులూ రావు, బండి విలువ రాత్రికి రాత్రే పడిపోతుంది. అందుకని మొదటి రెండేళ్లకు 'ముందే ఒప్పుకున్న విలువ' పద్ధతి రాయించాం. బ్యాటరీ కూడా ఆ విలువలో భాగమేనని విడిగా ఒక వాక్యం పెట్టించాను. దాన్ని విడిభాగంగా లెక్కేసి అరుగుదల కోసే పాలసీలు చూశాను.

రిపేరుకు కంపెనీ జాబితాలోని గ్యారేజీల్లో ఈ బండి తెలిసినది ఒక్కటీ లేదు. తయారీదారు పంపే టెక్నీషియన్ చేతే చేయించుకోవచ్చని ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే సవరణ, తీసుకున్నాం.

ఇక టోయింగ్. ఇది ఎవరికీ తట్టని విషయం, నాకూ ఒక టో ట్రక్కు డ్రైవర్‌తో మాట్లాడాకే తట్టింది. కార్లను లాక్కెళ్లే ట్రక్కుకు వెనక రెండు పక్కల రెండు ఊయలలుంటాయి, ఒక ఇరుసు మీది రెండు చక్రాలు వాటిలో కూర్చుంటాయి. ఈ బండి వెనక చక్రం మధ్యలో ఉంటుంది, ఏ ఊయలలోనూ పడదు. ముందు వైపు ఎత్తితే మోటారు ఉన్న వెనక చక్రం నేల మీద తిరుగుతూ వస్తుంది, తయారీదారు మాన్యువల్ అది చేయొద్దంటుంది. మోటార్‌సైకిళ్లను తీసుకెళ్లే ట్రైలర్‌లో ఒకే వరుస చక్రాలకు సన్నటి గాడి ఉంటుంది, దానిలోకి ముందు రెండు చక్రాలు ఎక్కవు. మొత్తం బండిని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ఒక్కటే దారి. 'ఫ్లాట్‌బెడ్ మాత్రమే' అన్న రెండు మాటలు పాలసీలో అచ్చు వేయించాను.

అన్నీ కుదిరేసరికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు ఆమె బండి తీసుకున్నారు.

ఐదు నెలల తర్వాత

ఒక సందులో రివర్స్ వస్తున్న కారు ఈమె బండి ముందు ఎడమ చక్రాన్ని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చక్రాన్ని పట్టుకునే చేయి వంగిపోయింది, దాని మీది డొప్ప పగిలింది. సహాయం కోసం ఫోన్ చేస్తే వచ్చింది మోటార్‌సైకిల్ ట్రైలర్. ఆమె పాలసీ కాగితం తీసి ఆ వాక్యం ఫోన్‌లో చదివి వినిపించారు. గంటన్నరలో ఫ్లాట్‌బెడ్ వచ్చింది. సర్వేయర్‌కు బండి కొత్త గానీ కాగితాలు కొత్త కాదు. తరగతి, పదిహేడు అక్షరాలు, వాడకం అన్నీ సరిపోయాయి. క్లెయిమ్ మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

కానీ ఆ చేయి రావడానికి ఏడు వారాలు పట్టింది. రిపేరు అయ్యేదాకా వాడుకోవడానికి పాలసీలో బదులు బండికి ఇచ్చింది పద్నాలుగు రోజులే. మామూలు కార్లకు సరిపోయే లెక్క అది. పార్టులు దూరం నుంచి రావాలని తెలిసి కూడా ఆ అంకె దగ్గర నేను ఆగి ఆలోచించలేదు. అది నా పొరపాటు. మిగిలిన ఐదు వారాలు ఆమె ట్యాక్సీల్లో తిరిగారు, రోజుకు ఇద్దరు ముగ్గురు పేషెంట్లను వదులుకున్నారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేనే క్షమాపణ అడిగాను. ఇప్పుడు ఇలాంటి ఏ బండికైనా ముందు తయారీదారుకు ఫోన్ చేసి, గుద్దుడులో సాధారణంగా పోయే నాలుగైదు పార్టులు స్టాకులో ఉన్నాయో, తెప్పించడానికి ఎన్ని రోజులో అడుగుతాను. ఆ తర్వాతే రోజుల సంఖ్య రాయిస్తాను.

రెన్యువల్ నోటీసు గడువుకు మూడు వారాల ముందు వచ్చింది. కంప్యూటర్ దానంతట అదే తయారుచేసిన కాగితం. వాహన రకం గడిలో మళ్లీ 'ప్రైవేట్ కారు'. చేత్తో రాయించిన ఎండార్స్‌మెంట్లలో ఒక్కటీ అందులోకి రాలేదు. వెంటనే వెనక్కి పంపాం. బదులు బండి రోజులు అరవైకి పెంచమని అడిగాం, నలభై ఐదుకు ఒప్పుకున్నారు. సరిచేసిన పాలసీ గడువుకు రెండు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ సాయంత్రం ఆమె బండిలో కూర్చుని అద్దం కింద రేకు చూస్తూ ఫోన్‌లో ఒక్కో అక్షరం చదివారు. నేను ఇక్కడ పాలసీ మీద పెన్నుతో ఒక్కోటీ టిక్ పెట్టుకుంటూ వచ్చాను. పదకొండో స్థానం దగ్గర ఆమె ఆగి, "సున్నా అండీ, ఓ కాదు" అన్నారు.